బాత్రూమ్ అద్దానికి టేకు చట్రం కట్టొచ్చా? కార్పెంటర్ వద్దంటున్నాడు

హరిత_హొరమావు
కిందటి ఏడు బెంగళూరు హొరమావులో పాత ఫ్లాట్ ఒకటి కొనుక్కున్నాం. బాత్రూమ్‌లో వాష్ బేసిన్ పైన బిల్డర్ బిగించిన సాదా అద్దం ఉంది. 36 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు. చట్రం లేదు, నాలుగు మూలల్లో నాలుగు స్టీలు బిళ్ళలు ఉన్నాయి. కింది అంచు పొడవునా నల్ల మచ్చలు పడి అర అంగుళం దాకా పైకి పాకాయి. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వాటినే చూడాల్సి వస్తోంది.

రెండున్నర అంగుళాల టేకు బీడింగ్ (అంచు పట్టీ) తెచ్చి చుట్టూ అతికిస్తే మచ్చలు మూసుకుపోతాయి, గదికీ కళ వస్తుంది అనుకున్నాను. కార్పెంటర్‌ను పిలిస్తే "బాత్రూమ్‌లో చెక్క ఆగదు మేడమ్, లైటున్న అద్దం పెట్టిస్తా, 9,500 అవుతుంది" అన్నాడు. చట్రం చాలు అన్నాను. కొలతలు రాసుకుని కన్నడంలో "నాళె బర్తీని" (రేపు వస్తా) అని వెళ్ళాడు. మూడు వారాలైంది, ఆ నాళె ఇంకా రాలేదు.

ఇక నేనే చేద్దామని ఉంది. ఇంతవరకు రంపం పట్టలేదు, కానీ నేర్చుకుంటాను. అద్దం గోడ మీద ఉండగానే చెక్క అతికించవచ్చా? మన బాత్రూముల తడికి ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మారతహళ్ళి_మామ
నిలవదమ్మా. నేను చేసి చూశాను. 2021లో మా అద్దానికి తెల్ల రంగు వేసిన చట్రం పెట్టించాను. ఆరు నెలలకి కింది పట్టీ పూరీలా పొంగింది. ఇంకో రెండు నెలలకి రంగు పెచ్చులుగా ఊడింది. పీవీసీ పట్టీ వేసుకో, జన్మలో మళ్ళీ చూడక్కర్లేదు.

ఉలి_బాడిస
మామగారూ, ఆ చట్రం ఏ చెక్కతో చేశారు?

మారతహళ్ళి_మామ
చెక్కే. ఎండీఎఫ్ అని చెప్పారు.

ఉలి_బాడిస
అదీ సంగతి. ఎండీఎఫ్ చెక్క కాదండీ. చెక్క పీచును జిగురుతో కలిపి, వేడి పెట్టి నొక్కిన అట్ట. కోసిన అంచు నుంచి నీరు తాగితే పొంగుతుంది, ఆరినా మళ్ళీ పూర్వపు మందానికి రాదు. మీ అనుభవం నిజమే, కానీ ఆ తప్పు టేకు మీద వేయకూడదు. పడవలకు వాడిన చెక్క అది. దానిలో సహజంగా నూనె ఉంటుంది.

మాది చీరాల. నాన్నగారు వడ్రంగి. నేను ఈ ఊళ్ళో వేరే ఉద్యోగం చేస్తున్నా, శని ఆదివారాలు బాల్కనీలో బెంచీ వేసుకుని పని చేస్తాను. హరిత గారూ, చేయవచ్చు. మా ఇంట్లో అలాంటి చట్రం ఉంది, ఏడేళ్ళు నిండాయి. చెక్క కంటే అతికించే పద్ధతి ముఖ్యం. మొదట ఒకటి చెప్పండి: స్నానం చేసే చోటుకీ అద్దానికీ మధ్య గాజు తలుపు ఉందా? చెంబుతో పోసుకుంటే నీళ్ళు అద్దం దాకా ఎగురుతాయా?

హరిత_హొరమావు
మధ్యలో సగం గోడ ఉంది. నీళ్ళు ఎగరవు. గీజర్ ఆవిరి మాత్రం బాగా పడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది, పనిచేస్తుంది.

ఉలి_బాడిస
అయితే నిశ్చింతగా చేయండి. స్నానం అయ్యాక ఫ్యాన్ ఇంకో పావుగంట తిరగనివ్వండి, చాలు.

కడప_కుర్రోడు
నాది మహదేవపురలో అద్దె ఫ్లాట్. అద్దం ఓనర్‌ది. ఖాళీ చేసేటప్పుడు మచ్చ కనిపిస్తే అడ్వాన్స్‌లో కోత పెట్టే రకం. తర్వాత ఊడదీసేలా చేసే దారి ఉంటే చెప్పండన్నా, నేను ఈ త్రెడ్‌లోనే కూర్చుంటా.

వాసవి_బనశంకరి
అసలు నల్ల మచ్చలు ఎందుకొచ్చాయో చూడకుండా చట్రం కట్టేస్తే ఎలా? మచ్చ లోపల పాకుతూ పోతే రెండేళ్ళకి చట్రం దాటి బయటికొస్తుంది. మా అమ్మావాళ్ళింట్లో అలాగే అయింది.

హరిత గారూ, బాత్రూమ్ కడగడానికి ఏం వాడుతున్నారు?

హరిత_హొరమావు
పనికి వచ్చే అక్క వారానికోసారి యాసిడ్ వేసి కడుగుతుంది. బోరు నీళ్ళు కదా, టైల్స్ మీద తెల్ల చారలు వేరే దేనికీ పోవడం లేదు.

వాసవి_బనశంకరి
అదే అనుకున్నాను. నేను కెమిస్ట్రీ చెప్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా, విసుక్కోకండి.

అద్దంలో మనకు ముఖం చూపించేది గాజు కాదు, గాజు వెనక పూసిన వెండి పొర. గాజు మీద వెండి పేరుకునేలా చేసే రసాయన పద్ధతిని 1835లో జర్మనీలో లీబిగ్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో చేసేదీ దాదాపు అదే సూత్రం. ఆ వెండి పొర చాలా పలచన. గాలీ తడీ తగలకుండా వెనక రంగు పూత ఉంటుంది. కానీ అద్దాన్ని కొలతకు కోసినప్పుడు అంచు దగ్గర ఆ పూత తెగుతుంది. అక్కడ వెండికి దిక్కు లేదు. కారిన నీళ్ళు కింది అంచున నిలబడతాయి, పై నుంచి యాసిడ్ ఆవిరి తోడవుతుంది. అందుకే మచ్చ ఎక్కువగా కింది నుంచే మొదలవుతుంది.

పోయిన వెండిని తిరిగి తేలేం. పాకడం మాత్రం ఆపొచ్చు. రెండు రోజులు కింది అంచుకు తడి తగలనీయకుండా, ఫ్యాన్ గాలి తగిలేలా ఆరనివ్వండి. తర్వాత చిన్న బ్రష్‌తో రంగులేని నెయిల్ పాలిష్ అంచు పొడవునా రెండుసార్లు పూయండి. యాసిడ్ మానేయండి. తెల్ల చారలకు గుడ్డని వెనిగర్‌లో ముంచి పిండి తుడిస్తే చాలు. అది కూడా అద్దం అంచుకు తగలకూడదు. అద్దం మీద నేరుగా ఏదీ స్ప్రే చేయకండి, గుడ్డ మీద చేసి తుడవండి.

హరిత_హొరమావు
వాసవి గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. యాసిడ్ బాటిల్ ఈ రోజే తీసేశాను.

బెసెంట్‌నగర్_బాబ్జీ
మాది చెన్నై, సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరం. ఇక్కడ ఉప్పుగాలికి ఇనప స్క్రూ ఒక వానాకాలం కూడా ఆగదు. తుప్పు చెక్కలోకి దిగి నల్ల చార కడుతుంది. మీకు సముద్రం లేకపోయినా బాత్రూమ్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడండి. ఇత్తడివి కూడా మంచివే.

పలాస_జీడిపప్పు
మా వైపు పాత ఇళ్ళల్లో దూలాలకు జీడి నూనె పూస్తారు. చెద పట్టదు, తడి పట్టదు. తాతగారి ఇంటి దూలాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఉలి_బాడిస
జీడి నూనె గొప్పదే, కానీ బాత్రూమ్‌కి వద్దండీ. చర్మానికి తగిలితే పొక్కుతుంది, చెక్క నల్లగా అయిపోతుంది. రోజూ చేయి తగిలే చోట పనికిరాదు.

సింగసంద్ర_సుధాకర్
ఫ్రెంచ్ పాలిష్ కొట్టించండి. మా ఇంట్లో తలుపులన్నీ అదే. అద్దంలా మెరుస్తాయి.

ఉలి_బాడిస
తలుపులకు సరే. ఫ్రెంచ్ పాలిష్ అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క. నీటి చుక్క కాసేపు నిలిస్తే తెల్లటి మచ్చ పడుతుంది. టీపాయ్ మీద చల్లటి గ్లాసు పెట్టినచోట గుండ్రటి తెల్ల మరక చూసే ఉంటారు. బాత్రూమ్‌కి పీయూ (పాలియురెథేన్ వార్నిష్) వేయాలి. మూడు పూతలు, మధ్యలో సన్నటి ఉప్పు కాగితంతో రుద్దాలి.

పూత ముందు వైపే వేస్తే సగం పనే. వెనక వైపు, లోపలి అంచు, బయటి అంచు, ముఖ్యంగా కోసిన కొసలు అన్నింటికీ పూత పడాలి. కొస దగ్గర చెక్క గొట్టాల కట్టలాగా ఉంటుంది, నీరు అక్కడి నుంచే పీలుస్తుంది. బయటివాళ్ళతో చేయిస్తే వెనక పూత వేసే ఓపిక ఎవరికీ ఉండదు. బాత్రూమ్ చట్రాలు పాడయ్యేదీ వెనక నుంచే.

మైటర్_మూర్తి
కొలత లెక్క నేను చెప్తా. చట్రం బయటి పొడవు = అద్దం పొడవు + (పట్టీ వెడల్పులో అద్దం మీదికి ఎక్కే భాగం పోగా మిగిలినది × 2). అర అంగుళం అద్దం మీదికి ఎక్కిస్తే మిగిలేది 2. అంటే 36 + 4 = 40, 24 + 4 = 28. నాలుగు పట్టీలకు మొత్తం 136 అంగుళాలు.

హరిత_హొరమావు
మూర్తి గారూ, ఒక సందేహం. మూలల్లో స్టీలు బిళ్ళలు ఉన్నాయి కదా. అంచు నుంచి ఒక అంగుళం లోపల ఉన్నాయి. అర అంగుళమే ఎక్కితే అవి చట్రంతో మూసుకుపోక బయటికే కనిపిస్తాయి.

మైటర్_మూర్తి
నిజమే, నేను చూసుకోలేదు. మంచి ప్రశ్న. అయితే ఒకటిన్నర అంగుళం ఎక్కించండి. 36 + 2 = 38, 24 + 2 = 26. మొత్తం 128 అంగుళాలు. ఆరడుగుల పట్టీ ఒక్కోదాంట్లో 38, 26 రెండూ వస్తాయి, ఎనిమిది అంగుళాలు మిగులుతుంది. లోపల కనిపించే అద్దం 33 × 21. మీ నల్ల మచ్చలు పూర్తిగా మూసుకుపోతాయి.

బిళ్ళ ఉబ్బెత్తుగా ఉంటే చట్రం సమంగా కూర్చోదు. పట్టీ వెనక ఆ చోట గుంట తవ్వాలి. అడుగు సమంగా తవ్వే ఫోర్స్ట్‌నర్ బిట్ అని దొరుకుతుంది, దానితో పని శుభ్రంగా వస్తుంది. బిళ్ళ మీద కొంచెం లిప్‌స్టిక్ రాసి చట్రాన్ని ఆనిస్తే ఎక్కడ తవ్వాలో గుర్తు పడుతుంది.

కడప_కుర్రోడు
నెయిల్ పాలిష్ అయింది, లిప్‌స్టిక్ వచ్చింది. తర్వాత కాటుకేమో.

మైటర్_మూర్తి
నవ్వుతావు గానీ కాటుక కూడా పనికొస్తుంది తమ్ముడూ.

యలహంక_శేషు
అద్దం ఏ దిక్కు గోడకి ఉంది? ఉత్తరమో తూర్పో అయితే మంచిదంటారు.

హరిత_హొరమావు
తూర్పు గోడే. ఎలాగూ దాన్ని కదపడం లేదు.

మారతహళ్ళి_మామ
కదపడం లేదు అంటున్నావు గానీ, నాలుగు బిళ్ళలు విప్పితే అద్దం చేతికొస్తుంది కదా. అద్దాల షాపులో కొత్త 5 మి.మీ. అద్దం కోయించుకో. నాకు చదరపు అడుగు 160 చొప్పున పడింది, ఆరు అడుగులకి వెయ్యి కూడా కాదు. పాత మచ్చలద్దం చుట్టూ ఖరీదైన టేకు ఎందుకు?

ఉలి_బాడిస
మామగారు ఈసారి చెప్పింది నూటికి నూరు పాళ్ళు ఒప్పు. విడివడి వస్తే కొత్త అద్దమే మేలు. బల్ల మీద చట్రం కట్టి, గాడి తీసి, అద్దాన్ని అందులో కూర్చోబెట్టి మొత్తంగా గోడకి తగిలించవచ్చు. ఒకసారి బిళ్ళలు విప్పి చూడండి. ఇద్దరు ఉండాలి సుమా. ఆ కొలతకు 5 మి.మీ. అద్దం ఏడు కిలోలు ఉంటుంది. చెప్పులు వేసుకోండి, చేతికి మందపాటి తొడుగులు వేసుకోండి.

హరిత_హొరమావు
నిన్న మా తమ్ముడు, నేను కలిసి బిళ్ళలు విప్పాం. అద్దం కదల్లేదు. పక్క నుంచి టార్చ్ వేసి చూస్తే వెనక సిలికాన్ ముద్దలు కనిపించాయి. బిల్డర్ రెండూ చేశాడు. లాగితే పగులుతుందని భయమేసి మళ్ళీ బిగించేశాం.

ఉలి_బాడిస
మంచి పని చేశారు. ఇక గోడ మీదే కట్టండి. అద్దం గట్టిగా పట్టుకుని ఉందన్న ధీమా కూడా దొరికింది. చట్రం రెండున్నర కిలోలకు మించదు.

హరిత_హొరమావు
శనివారం మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌కి వెళ్ళాను. బెన్నిగానహళ్ళిలో పర్పుల్ లైన్ ఎక్కి మైసూరు రోడ్డు స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నా. వీధి పొడవునా చెక్క వాసన, రంపాల చప్పుడు. మా అమ్మమ్మగారి ఊళ్ళో సా మిల్లు గుర్తొచ్చింది. మూడో షాపులో పెద్దాయన తెలుగులో మాట్లాడారు, మదనపల్లెవారట. బాత్రూమ్‌కి అనగానే తెల్ల చెక్క తగిలిన పట్టీలన్నీ పక్కన పెట్టేసి, నిండు గోధుమ రంగువి ఏరి ఇచ్చారు. "అంచున తెల్లగా ఉండేది పచ్చి భాగం తల్లీ, పురుగు దానికే పడుతుంది" అన్నారు.

ఆరడుగులవి మూడు తీసుకున్నా, ఒకటి తప్పులకి. అడుగు 90. వచ్చేటప్పుడు మాత్రం ఆటోలోనే.

ఉలి_బాడిస
పెద్దాయన మంచి మనిషి. చేవ (మాను నడిమి గట్టి చెక్క) చూసి ఇచ్చారు. ఆ మూడో పట్టీ తీసుకోవడం మీ తెలివి. పట్టీలను వారం రోజులు ఇంట్లోనే నీడన, కింద పుల్లలు పెట్టి పరచండి. మీ ఇంటి గాలికి అలవాటు పడ్డాక కోయండి.

వెంకట్_వైట్‌ఫీల్డ్
చేత్తో 45 డిగ్రీలు కోయడం కష్టమండీ. నేను మైటర్ బాక్సులో (రంపాన్ని 45కి నడిపే గాళ్ళున్న పెట్టె) కోశాను, మూల మూలకీ సందు. చివరికి పటాలు కట్టే షాపుకి పట్టుకెళ్ళాను. వాళ్ళ దగ్గర 45కి కోసే మిషన్ ఉంటుంది. నాలుగు మూలలు పది నిమిషాల్లో కోసిచ్చారు. దేవుడి పటాలకు రోజూ చేసే పనే కదా, చేయి తిరిగి ఉంటుంది.

మైటర్_మూర్తి
వెంకట్ గారి సలహా మంచిదే, కానీ షాపువాళ్ళు వాళ్ళ పట్టీలే వాడమంటారు. వాటిలో చాలావరకు చెక్క కాదు, చెక్కలా కనిపించే ప్లాస్టిక్. తడికి బాగానే ఆగుతుంది, అది వేరే సంగతి. మన చెక్క ముందే చూపించి ఒప్పించాలి.

సొంతంగా కోస్తే: సన్న పళ్ళ రంపం. మొదట పనికిరాని ముక్క మీద నాలుగైదుసార్లు. ఎదురెదురు పట్టీలు వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా ఉండాలి. కోణం కొంచెం తప్పినా సర్దుకోవచ్చు, పొడవు తప్పితే ఏం చేసినా మూల కలవదు.

హరిత_హొరమావు
సొంతంగానే కోశాను. మొదటి రెండు మూలలు తప్పు. మూడో పట్టీ అక్కరకొచ్చింది. ఇప్పుడు నాలుగూ కలిశాయి, ఒక్కచోట మాత్రం కాగితం దూరేంత సందు ఉంది. బిళ్ళల గుంటలు కూడా తవ్వేశాను. అతికించేటప్పుడు నాలుగు మూలలకీ క్లాంపులు కావాలా? నా దగ్గర లేవు.

ఉలి_బాడిస
అక్కర్లేదు. నేల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి చట్రం పేర్చండి. టేకులో నూనె ఉంటుందని చెప్పాను కదా, కోసిన ముఖాలను థిన్నర్ గుడ్డతో తుడవకపోతే జిగురు సరిగ్గా పట్టదు. తుడిచి, ఆరగానే నీటికి ఆగే ఫెవికాల్ పూయండి. చట్రం చుట్టూ తాడు రెండు చుట్లు చుట్టి, మూలల్లో అట్టముక్కలు పెట్టి, తాడులో పుల్ల దూర్చి మెలిపెట్టండి. నాన్నగారు ద్వారబంధాలకు కూడా ఇంతే చేసేవారు.

బిగించగానే మూల నుంచి మూలకు కొలవండి. రెండు కర్ణాలూ 46 అంగుళాలు రావాలి. తేడా ఉంటే చట్రం పక్కకి వాలినట్టు, జిగురు ఆరకముందే పొడవైన కర్ణం వైపు నొక్కి సరిచేయండి. తెల్లారేదాకా కదపకండి. ఆ సన్న సందుకు ఉప్పు కాగితంతో రుద్దిన టేకు పొడి ఫెవికాల్‌లో కలిపి నింపండి. పొడి ముక్కులోకి పోనీయకండి, టేకు దుమ్ముకి కొందరికి దగ్గు పట్టుకుంటుంది.

బెసెంట్‌నగర్_బాబ్జీ
చట్రం అద్దం దాటి ఒక అంగుళం బయటికి ఉంటుంది కదా. అక్కడ గోడకీ చెక్కకీ మధ్య అద్దం మందమంత సందు వస్తుంది. పక్క నుంచి చూస్తే బాగుండదు.

ఉలి_బాడిస
బాబ్జీ గారు సరిగ్గా పట్టుకున్నారు. అంత మందం ఉన్న సన్న టేకు పుల్లలు చట్రం వెనక బయటి అంచుకు అతికించాలి. పైన, రెండు పక్కలా మాత్రమే. కింద వద్దు. కింద గాలి ఆడాలి, ఎక్కడైనా తడి దిగితే బయటికి పోవాలి. అంతా మూసేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

సింగసంద్ర_సుధాకర్
నేనైతే చుట్టూ సిలికాన్ కొట్టి మూసేస్తా. బొద్దింకలు దూరవు.

వాసవి_బనశంకరి
సుధాకర్ గారూ, పైన, పక్కల కొట్టండి, కింద వదిలేయండి. అన్నట్టు సిలికాన్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. షాపులో మామూలుగా ఇచ్చే సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, అందులోంచి ఎసిటిక్ యాసిడ్ విడుదలవుతుంది. అది వెండి పొరను తినేస్తుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. ట్యూబ్ మీద న్యూట్రల్ అని రాసి ఉన్నదే అడగండి. హరిత గారి అద్దం వెనక బిల్డర్ ఏది కొట్టాడో తెలీదు, కనీసం మనం కొట్టేదైనా సరైనది కొడదాం.

హరిత_హొరమావు
ఆదివారం చట్రాన్ని సిలికాన్‌తో అద్దం మీద అతికించాను. కింద ఫోటో పెట్టాను చూడండి. ముందు నుంచి అందంగా ఉంది. కానీ ఒక తప్పు జరిగింది. అద్దంలోకి కొంచెం పక్క నుంచి చూస్తే చట్రం లోపలి అంచు పక్కనే ఇంకో తెల్లటి గీత కనిపిస్తోంది. చెక్క వెనక వైపు అద్దంలో ప్రతిబింబిస్తోంది! పీయూ వెనక కూడా మూడు పూతలు వేశాను, కానీ వెనక ముఖానికి ముందు వైపు రంగు పట్టించలేదు. చూడగానే ఏడుపొచ్చినంత పనైంది.

మైటర్_మూర్తి
అయ్యో. ఇది ముందే చెప్పాల్సింది, మా తప్పు. గాజు మందం 5 మి.మీ., వెండి దాని వెనక ఉంటుంది. అందుకే గాజుకు ఆనుకున్న చెక్క వెనక ముఖం కూడా లోపల ఇంకోసారి కనిపిస్తుంది. అద్దానికి చట్రం కట్టే ప్రతివాళ్ళూ ఒకసారి ఇక్కడే పడతారు. వెనక వైపు లోపలి అంగుళం మేర ముందు వైపు రంగే వేయాలి.

ఉలి_బాడిస
వెనక పూత గురించి అంత చెప్పి రంగు మాట మర్చిపోయాను, క్షమించండి. సిలికాన్ ఎప్పుడు కొట్టారు? ఒక్క రోజే అయితే ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. గాలం దారం కానీ గిటారు తీగ కానీ తీసుకుని, రెండు కొసలకీ పుల్లలు కట్టి, పై నుంచి చెక్కకీ గాజుకీ మధ్య దూర్చి రంపంలా ఆడించండి. ఇంకొకరు కింద చట్రాన్ని పట్టుకోవాలి. ఇనప పలుగు పెట్టి లేపకండి, గాజు పగులుతుంది.

కడప_కుర్రోడు
అన్నా, ఇదే నాక్కావాల్సిన జవాబు! అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇలాగే తీయొచ్చు కదా?

ఉలి_బాడిస
తీయొచ్చు. కానీ నువ్వు సిలికాన్ వాడకు. రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు వాడు. దారంతో సులువుగా తెగుతుంది. అతికించేముందు గాజును స్పిరిట్‌తో తుడువు. బిళ్ళలు లేని అద్దమైతే, చట్రం బరువు అద్దం మీద పడకుండా కింద బేసిన్ పలక మీద ఆనేలా కట్టు.

హరిత_హొరమావు
తీసేశాం. గిటారు తీగ మా తమ్ముడిది. పావుగంట పట్టింది, గాజు మీద గీత కూడా పడలేదు. మిగిలిన సిలికాన్ బ్లేడుతో గీకేశాను. వెనక వైపు లోపలి అంగుళం పీయూని రుద్ది, ముందు వైపు వాడిన వాల్‌నట్ రంగు పూసి, పైన రెండు పూతలు పీయూ వేశాను. నాలుగు రోజులు ఆరనిచ్చి మళ్ళీ అతికించాను. ఒక రోజంతా మాస్కింగ్ టేపులతో పట్టి ఉంచాను.

ఇప్పుడు ఎక్కడి నుంచి చూసినా చెక్కే. తెల్ల గీత లేదు, నల్ల మచ్చ లేదు. చెక్క, రంగు, పీయూ, సిలికాన్, రంపం, బిట్ అన్నీ కలిపి 3,400 అయింది. రంపం, బిట్ నా దగ్గరే ఉన్నాయి.

మారతహళ్ళి_మామ
ఫోటో చూశాను. బాగుందమ్మా, చాలా బాగుంది. నేను చెప్పిన పీవీసీ ఇంత అందంగా ఉండేది కాదు.

వెంకట్_వైట్‌ఫీల్డ్
ఆ కింది ఎడమ మూల చూస్తే చేయి తిరిగిన పనిలా ఉంది.

పలాస_జీడిపప్పు
మొదటిసారి రంపం పట్టినవాళ్ళ పని అంటే నమ్మరు. వానాకాలం తర్వాత ఎలా ఉందో తప్పకుండా చెప్పండి.

హరిత_హొరమావు
పలాస గారు అడిగారు కదా, అందుకే మళ్ళీ వచ్చాను. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు చూసింది, తర్వాత చలికాలం, ఇప్పుడు మార్చి. పొంగలేదు, రంగు చెదరలేదు. అద్దంలో మచ్చ చట్రం దాటి రాలేదు. కుడి పై మూలలో మాత్రం లోపలి వైపు సన్నగా విచ్చుకుంది. వెంట్రుకంత. ఏమైనా చేయాలా?

ఉలి_బాడిస
లోపలి వైపు విచ్చుకుంది అంటే చెక్క ఎండి, వెడల్పులో కొంచెం కుంచించుకుంది. చెక్క పొడవులో దాదాపు మారదు, వెడల్పులోనే మారుతుంది. అందుకే ఎండల్లో మూల లోపలి వైపు, వానల్లో బయటి వైపు విచ్చుకుంటుంది. ఇప్పుడు నింపకండి. నింపితే వానాకాలంలో చెక్క పెరిగి ఆ ముద్దను నెట్టి మూలనే విడదీస్తుంది. ఒక చుక్క పీయూ సన్న బ్రష్‌తో ఆ సందులోకి దించండి, కొస తడి పీల్చకుండా. అంతే.

హరిత_హొరమావు
సరేనండీ, ఈ రాత్రే వేస్తాను. మిగిలిన ఎనిమిదేసి అంగుళాల ముక్కలు రెండు పారేయలేదు. సబ్బు పెట్టుకునే చిన్న పలక చేయాలని ఉంది. సబ్బు నీళ్ళు రోజూ నిలిచే చోటికి పీయూ సరిపోతుందా?

ఉలి_బాడిస
నిలిచే నీటికి ఏ పూతా ఆగదు. పట్టీలను అర అంగుళం కొలతలో సన్న బద్దలుగా చీల్చి, మధ్యలో సందులు వదిలి కట్టండి. నీళ్ళు కిందికి జారిపోతే టేకు దానంతట అదే ఆరుతుంది. దానికి కొత్త త్రెడ్ తెరవండి, కొలతలు అక్కడ రాస్తాను.

కడప_కుర్రోడు
ఫోమ్ టేపు ఎంత వెడల్పుది తీసుకోవాలన్నా? షాపులో నిలబడి అడుగుతున్నా.

ఉలి_బాడిస
ఒక అంగుళంది. పట్టీ పొడవునా వేయి, ముక్కలు ముక్కలుగా వేయకు.